చెయ్యి వేయని బుట్ట

పందొమ్మిది వందల అరవైల చివర్లో ఓ పొద్దున ఆమదాలవలస స్టేషన్లో బండి కోసం కూర్చున్నాను. పోలీసు సెలక్షన్ల కోసం పరుగులు తీసి తీసి పిక్కలు పట్టేశాయి. మూలుగుతూ రుద్దుకుంటుంటే, పక్కన ఎండుచేపల బుట్ట దించుకుని కూర్చున్న ముసలామె నవ్వింది.

"నొప్పితో దెబ్బలాడకు బాబూ. అదెక్కడున్నాదో సూడు, ఎలాగున్నాదో సూడు. ఊపిరి ఒదులుతా నడు. కళింగపట్నం నించి బుట్టెత్తుకుని నేనలాగే వస్తాను. మెడ లాగేస్తాది. దార్లో దించేస్తే మళ్లీ ఎత్తడానికి మనిసేడీ?"

ఇంతలో ఆమె ఎక్కాల్సిన బండి వచ్చింది. బుట్ట అంచు పట్టుకుని, "ఓ సెయ్యెయ్యి బాబూ" అంది.

సెలక్షన్ల కోసం కుట్టించుకున్న తెల్లచొక్కా వైపు చూసుకున్నాను. ఆమె కూడా దానివైపే చూసింది. అటు పోతున్న ఇంకొకామెను పిలిచింది.

మర్నాడు పరుగులో మూడో చుట్టుకే పిక్క పట్టేసింది. పళ్లు బిగించడం మాని, ఆ నొప్పినే చూస్తూ, ఊపిరి వదులుతూ పరుగెత్తాను. నెగ్గాను.

ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దుటి నడకలో మోకాలు సలిపితే ఆమె చెప్పినట్టే చూస్తాను, కాసేపటికి సర్దుకుంటుంది. ఆ తెల్లచొక్కా గుర్తొస్తే మాత్రం, ఎంతసేపు చూసినా సర్దుకోదు.