మాల తీసేదాకా

మా నాయన పళనికి మాల వేసుకుంటే మాకు నలభై ఎనిమిది రోజులు పండగ. మాల మెడలో ఉన్నంతకాలం తాగకూడదు, ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. మేమంతా ఆయన్ని "సామీ" అనాలి. మిగతా రోజుల్లో సాయంత్రం షిఫ్టు వదిలే మిల్లు సంగు కూసిందంటే అమ్మ నన్ను మంచం కిందికి తోసేసేది. మిల్లులో తెగిన తోలుపట్టీతో కొట్టి, కాలితో తన్ని, అమ్మ కడుపులోనే ఇద్దరిని చంపాడాయన. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నాకు పదకొండేళ్లప్పుడు మాల వ్రతం ముగిసే వారంలో ఆయన ప్రయాణం ఖాయం చేశాడు. శుక్రవారం తెల్లవారుజాము బస్సు, పొల్లాచ్చి, ఉడుమలైపేట మీదుగా పళని. గుండు కొట్టించుకుని కొండెక్కి, మర్నాడు సాయంత్రానికి ఇల్లు. మిల్లులో లీవు కూడా చెప్పేసి, సంచి సర్దమన్నాడు. అమ్మ కదల్లేదు.

"నాకు నాలుగో నెల, సామీ," అంది.

బియ్యం చెరుగుతున్న అవ్వ, ఆయన తల్లి, చేట కింద పెట్టింది. "కడుపుతో ఉండేదాని మొగుడు కొండెక్కగూడదు, గుండు కొట్టుకోగూడదు. కాన్పు అయినాంక పో."

"అంతవరకు ఈ మాల?" అన్నాడు నాయన.

"పళని పోకుండ తీస్తే సామికుత్తం రా, సామి ఊరుకోడు."

అమ్మ ఇన్నాళ్లూ ఎందుకు దాచిందో నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైంది. ఇక ఐదు నెలలు ఆయన కొట్టలేడు, బిడ్డ బతుకుతుంది.

అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటారే, మా ఇంట్లో నిజంగానే దుత్తలు పగిలాయి. ఉడుకుతున్న అన్నం కుండను తన్నాడు. గోడకు తల బాదుకున్నాడు. ఒక ఆదివారం మా మేకను దుడ్డుకర్రతో కొట్టి నడుం విరిచాడు. మేక మనిషి కాదు కదా అన్నాడు.

ఆ మేకను పాలు పట్టి పెంచింది నేను. అదే కర్ర తీసుకుని ఆయన మోకాలి మీద కొట్టాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ కొట్టాను. చిప్ప చిట్లి రక్తం కారింది.

"మిగతాది పళని పోయి వచ్చినాంక చూస్తాం, పాపా," అన్నాడు, నెమ్మదిగానే.

నాకు భయం వెయ్యలేదు. అబద్ధమెందుకు, చాలా సుఖంగా అనిపించింది.

తమ్ముడు పుట్టాడు. బతికాడు. పురుడు వెళ్లిన వారానికి నాయన ఒక్కడే పళని వెళ్లి, మర్నాడు సాయంత్రం గుండుకు గంధం పూసుకుని వచ్చాడు. అందరి చేతుల్లో పంచామృతం పెట్టాడు. మాల తీసి దేవుడి పటానికి వేశాడు. తర్వాత నా జుట్టు పట్టుకున్నాడు.

అమ్మ తమ్ముణ్ని ఎత్తుకుని గుమ్మంలోనే ఉంది. నేను పిలిచాను. నా వైపు ఒకసారి చూసి, వాణ్ని గుండెకు అదుముకుని పక్కింట్లోకి పోయి తలుపు వేసుకుంది. నా ఎడమ మోచెయ్యి విరిగినప్పుడు ఆ తలుపునే చూస్తున్నాను.

అప్పటికే ఇద్దరిని పోగొట్టుకున్న మనిషి ఇంకేం చేస్తుంది? ఆమెది తప్పని నేనెప్పుడూ అనలేదు. నాయన చచ్చాక ఆయన మీద కోపం పోయింది. అమ్మ మీద మాత్రం పోలేదు.