పార్కు ఈగలు మా కొట్టంల దొరికినయి

చెట్లున్న పార్కులల్ల ఇసుక ఈగలుంటయని, అవి కుడితే కాలా అజార్ జ్వరమొస్తదని పేపర్ల చదివి, నెల రోజుల సంది అమ్మను వనపర్తి పార్కుకు నడువనీకి పోనిస్తలేను. ఈ రోజు పొద్దుగూకంగ మలేరియా ఆఫీసు సారు పార్కుల ఈగలున్నయా అని చూసుకొని, పక్కనున్న మా ఇంటికి గూడ వచ్చిండు. గాజు గొట్టానికున్న రబ్బరు పైపు నోట్ల పెట్టుకొని, బర్రె కొట్టం మట్టిగోడ నెర్రెల పొంటి పీల్చుడు మొదలువెట్టిండు.

అమ్మ జర సేపు చూసి, "ఏంది బిడ్డా, ఆ సారు మన గోడ తాగుతుండు" అన్నది.

ఆయన నవ్వి గొట్టం చూపిచ్చిండు. లోపల నువ్వుగింజంత ఈగలు దుంకుతున్నయి. "పార్కుల రెండే దొరికినయమ్మా. ఇక్కడ ఇరవై ఉన్నయి. ఆ రోగం మన దిక్కు లేదు గానీ, నెర్రెలు పూడ్చి సున్నం కొట్టుండ్రి."

అమ్మ నా దిక్కు చూసింది. నెల రోజుల సంది నడక బంద్ చేసి ఆమె కూసున్నది ఆ గోడ పక్కనే.

"అయితే రేపటి సంది బర్రెను గూడ పార్కుకే తోల్కపోత" అన్నది.

రేపు సున్నం కొట్టేది నేనే. పేపరు చదివి డాక్టరైన నాలాంటోళ్లు మీ ఇండ్లల్ల ఉంటే చెప్పుండ్రి. బకెటు పట్టనీకి ఒక మనిషి కావాలె.