లే ఆఫ్ అని చదివిన కాగితం

ఇరవై ఏండ్లకు పైబడి ఒక అబద్ధాన్ని మోస్తున్న. బరువు తగ్గలె. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు అక్కర లేదు. చదువుండ్రి, చాలు.

మొన్న బీరంగూడల ఒక దుకాణంల ఇంగ్లీషు పర్యాయపదాల పుస్తకం తిరగేసిన. ‘లే ఆఫ్’ కింద రిట్రెంచ్, డిస్మిస్, రిలీవ్ అని వరుసగ పేర్చి, అన్నింటికి ఒక్కటే అర్థం రాసిండు: పనిలోంచి తీసివేయుట. ఒళ్లు మండింది. ఎవడయ్యా నీకు చెప్పింది, అన్నీ ఒక్కటే అని? లే ఆఫ్ అంటే పని లేక కొన్నాళ్లు ఇంట్ల కూసోబెట్టుడు. పేరు రిజిస్టర్ల ఉంటది, మళ్ల పిలవాలె. రిట్రెంచ్ అంటే పేరే కొట్టేసుడు. డిస్మిస్ అంటే తప్పు మోపి ఎల్లగొట్టుడు. రిలీవ్ అంటే మర్యాదగ సాగనంపుడు. నాలుగేండ్లే బడికి పోయినా, పాత డిక్షనరీ ముందటేసుకొని ఈ తేడాలన్నీ నేర్చినోణ్ని నేను. నేర్చి ఏం చేసిన?

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీల బాయిలర్ మీద పని నాది. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా మావోళ్లు నా దగ్గరికి తెచ్చేది. నేను చదివి ‘ఊఁ’ అంటేనే సంతకం. ఆ సంగతి కంపెనీ ఆఫీసరుకు ఎరికె. ఒకనాడు పిలిచి, “లే ఆఫ్ అని చెప్పండి. మీరు చెబితే సంతకం పెడతారు. తీసేసేవాళ్ల లిస్టులో మీ పేరు లేదులెండి” అన్నడు. కాగితం చదివిన. లే ఆఫ్ అన్న మాటే లేదు దాంట్ల. ‘నా ఇష్టంతోనే రాజీనామా చేస్తున్న, మళ్ల పని అడగను’ అని ఉన్నది.

క్యాంటీన్ల మల్లయ్య కూసున్నడు. బొంతపల్లి మనిషి, పదేండ్లు నా పక్కన్నే పని చేసిండు.

“ఏం రాసిండ్రన్నా? ఆ దొరల భాష జెర మాక్కూడ చెప్పు.”

“లే ఆఫ్. రెండు నెలలు ఇంటికాడ ఉండుడు. ఆర్డర్లు రాంగనే పిలుస్తరు.”

“మంచిగైంది పో. ఇంటికి సున్నం ఎయ్యమని మా ఆమె ఒకటే లొల్లి. నువ్వు పెట్టినవా సంతకం?”

“పెట్టిన.”

పెట్టలె. ఆయన పెట్టిండు. ఆయనను చూసి ఇంకో పదకొండు మంది పెట్టిండ్రు.

రెండు నెలలకు మల్లయ్య టిఫిన్ డబ్బ పట్టుకొని గేటుకాడికి వచ్చిండు. నువ్వే రాజీనామా చేసినవు గదా అని ఆయన సంతకం ఆయనకే చూపెట్టిండ్రు. నేను లోపల్నే ఉన్న. ఇన్న. బాయిలర్ దిక్కు నడిచిన. బాయిలర్ ఆగొద్దని నన్ను ముందే పిలిచిండ్రని తర్వాత మల్లయ్యకు ఇంకో అబద్ధం చెప్పిన.

కంపెనీ మీద కోపం ఇయ్యాల్టికి చల్లారలె. రాని భాషల రాసి మనిషి గొంతు కోసుడు ఏం న్యాయం? కానీ ఆ కత్తికి నా నోరు అరువిచ్చిన గదా. భయపడ్డ అనుకుందునా? భయపడ్డోడు నోరు మూసుకుంటడు. నేను నోరు తెరిచిన.

ఇప్పుడు మల్లయ్య కిష్టారెడ్డిపేటల ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. నేను పోతే కుర్చీ నాకేసి తను మెట్ల మీద కూసుంటడు. వచ్చిపోయేటోళ్లకు చెప్తడు: “మా అన్నను గూడ మోసం చేసిండ్రు. పాపం, ఆయనకు ఒక కాగితం చూపెట్టి మాతోని వేరే దాని మీద సంతకం పెట్టించిండ్రు.”

నేను తల వంచుకొని చాయ్ తాగుత.

నన్నెవరు మోసం చెయ్యలె. నేను చదివిందీ ఆ కాగితమే. మొత్తం అర్థమైనంకనే అట్ల చెప్పిన. ఇంత రాసినంక జెర ఊపిరాడుతున్నది. ఆయనకు మాత్రం ఇంకా చెప్పలె.