మీసం తుడిస్తే హీ, బొట్టు ముట్టుకుంటే షీ

ఎల్బీనగర్‌లో మా ఇంట్లో నిన్న పాప ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకం తెచ్చి, ‘అమ్మా, గీ ఖాళీల హీనా, షీనా?’ అంది. నేను వేళ్లు ముడుచుకున్నాను.

చిన్నప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్‌కు పోయేదాన్ని. ఖాళీ తప్పుగా నింపితే సార్ చెక్క స్కేలు వేళ్ల కణుపుల మీదే పడేది. ఎదురుగా కూర్చునే సరిత నాకు ధైర్యం చెప్పేది. ‘మీసం తుడిస్తే హీ, బొట్టు ముట్టుకుంటే షీ. పరేషాన్ గాకు, నన్నే చూడు.’

పరీక్షనాడు దానికి జలుబు. ముక్కు కింద తుడుచుకుంటూనే ఉంది. నేను రాణిని, నర్సమ్మను, అవ్వను, అందరినీ హీ చేసేశాను. వేళ్లు వాచిపోయాయి.

పాప ఎదురుచూస్తోంది. జవాబు షీ అని తెలుసు. చెయ్యి దానంతటదే బొట్టు మీదికి పోయింది.

‘ఏందమ్మా, తల నొస్తుందా?’ అంది పాప.