గ్లూకోజు సీసా కట్టిన ట్రాక్టర్

మొన్న మా బడి గేటుకు రంగు వేస్తున్న పెయింటర్ పని ముగించి, కుంచెలను కిరోసిన్ డబ్బాలో ముంచాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే హాజరు పట్టీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రేషన్ షాపుల్లో కిరోసిన్ ఇవ్వడం మానేశాక ఆ వాసనే కరువైంది. ఒకప్పుడు జమ్మికుంట దగ్గరి ఓ ఊళ్లో నేను రోజూ సాయంత్రం ఆ వాసన మధ్యే కూర్చుని చాయ్ తాగేవాణ్ని. ఆ చాయ్ పోసినవాడు పోశం మిస్త్రీ. ఆయన గురించి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి, దానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరుగా చేరిన కొత్తలో బోర్డు మీద ఇంజన్ బొమ్మ వేసి పాఠం చెబుతున్నాను. పిస్టన్ ఎంత ఉంటుందని ఒక అమ్మాయి అడిగితే, చేతులతో ఏదో ఒక సైజు చూపించేశాను. బడికి ఎదురుగానే పోశం మిస్త్రీ షెడ్డు. బెల్లంపల్లి బొగ్గుబావుల వర్క్‌షాపులో పనిచేసి, రిటైరయ్యాక సొంతూరికొచ్చి ట్రాక్టర్లు బాగుచేసేవాడు. బక్కపలచని మనిషి. స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏ భాగం మూలుగుతోందో చెప్పేసేవాడు. ఆ సాయంత్రం నన్ను చూసి, "సారూ, ఎన్నడన్న పిస్టన్ సూసినవా?" అన్నాడు. పాఠం కిటికీలోంచి ఆయన దాకా వెళ్లిందన్నమాట! లేదని గొణిగాను. "గట్లయితే రేపు పిల్లల్ని తోల్కరా. చెప్పే ముందు ఇప్పి సూడాలె" అన్నాడు.

మర్నాడు ఇంజన్ విప్పి, ఒక్కొక్క భాగం పిల్లల చేతుల్లో పెట్టాడు. పిస్టన్ తలమీద ఆ గుంట ఎందుకని ఒకడు అడిగాడు. "నాకెర్క లేదు బిడ్డా. సారు సదివి చెప్తడు" అన్నాడు తడుముకోకుండా. తెలియదు అనే మాటను అంత హాయిగా అన్న పెద్దమనిషిని నేను అంతవరకూ చూడలేదు. ఆ రాత్రి పుస్తకాలు తిరగేసి జవాబు వెతికాను. నేను టీచరునైంది ఆ రోజునుంచే అనిపిస్తుంది.

షెడ్డు వెనక ఒక పాతకాలపు ట్రాక్టర్ ఉండేది. పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరోసిన్‌తో నడిచే రకం. ఆ ఊరి పటేల్ వాడి పారేసిన దాన్ని మిస్త్రీ తెచ్చి బతికించాడు. ఏటా దసరాకు దానికి పూజచేసి, బయటికి తీసి, బెల్టు తగిలించి మక్కలు ఒలిచే మిషన్ తిప్పేవాడు. బరువు పడగానే ఇంజన్ టకటకా కొట్టుకునేది. అప్పుడు పక్కనే వేలాడదీసిన గ్లూకోజు సీసా గొట్టం కొంచెం వదులు చేసేవాడు. అందులో నీళ్లు. ఒక్కో చుక్కా గాలి పీల్చే గొట్టంలో పడేది, టకటక ఆగిపోయి ఇంజన్ నున్నగా లాగేది.

"ఏం మిస్త్రీ, బండికి జరమొచ్చిందా, గ్లూకోజు ఎక్కిస్తున్నవ్?" అని జనం ఆటపట్టించేవారు.

"ముసల్ది కదా, జర సూస్కోవాలె" అనేవాడు.

మిస్త్రీ చిన్నప్పుడు ఆ పటేల్ డ్రైవర్ కూడా ఇలాగే నీళ్ల డబ్బా కట్టుకు తిరిగేవాడట. బండి నీళ్లతోనే నడుస్తుందని ఊరంతా నమ్మితే, ఆ డ్రైవర్ మీసం దువ్వుకుంటూ ఊ కొట్టేవాడట. ఆ ముచ్చట చెప్పి పడీపడీ నవ్వేవాడు.

ఆ దసరాకు నేను దాన్ని ఫోన్లో వీడియో తీశాను. కరీంనగర్‌లో నా తోటి టీచర్లు ప్రయోగాల వీడియోలు పెట్టి పేరు తెచ్చుకుంటున్నారు, నా మనసు కుదురుగా లేదు. మిస్త్రీ కెమెరా వైపు తిరిగి నిదానంగా చెప్పాడు. "నీళ్లు కాలయి. కాలేది గ్యాసునూనెనే, గదే కిరోసిన్. నీళ్లు ఇంజన్‌ను సల్లవరుస్తయి, గంతే. గీ పని డీజిల్ బండ్లకు చెయ్యొద్దు."

ఆ ముక్క కత్తిరించేశాను. నా మొహం మండ, చేతులారా కత్తిరించాను! "నీళ్లతో నడిచే ట్రాక్టర్, మన పోశం మిస్త్రీ అద్భుతం" అని నా గొంతుతోనే చెప్పి నెట్‌లో పెట్టాను. రెండు రోజుల్లో అది తిరిగి తిరిగి మా బావమరిది ఫోన్‌కూ చేరింది. మిస్త్రీది బటన్ ఫోను, ఆయన చూడలేదు. "నీళ్లు కాలయన్న ముచ్చట పెట్టినవా సారూ?" అని అడిగాడు. "పెట్టిన" అన్నాను.

యాసంగి నాట్ల ముందు కొమురయ్య అనే రైతు తన డీజిల్ ట్రాక్టర్ ట్యాంకులో సగం క్యాను నీళ్లు పోశాడు. బండి పొలం మధ్యలో ఆగిపోయింది, డీజిల్ పంపు పట్టేసింది. జనం షెడ్డు ముందు గుమిగూడారు. బడి వదిలేవేళ కావడంతో నేనూ అక్కడే ఉన్నాను.

"నీళ్లతోని నడుస్తదని నువ్వే సూపిస్తివి, వీడియోల సూసిన!" అని కొమురయ్య అరిచాడు.

"నేనట్ల చెప్పలేదురా."

సర్పంచ్ నావైపు తిరిగాడు. "సారూ, తీసింది నువ్వే కదా. మిస్త్రీ ఏం చెప్పిండో నువ్వు చెప్పు."

వెనక్కి తిరిగి చూశాను. నా క్లాసు పిల్లలే పుస్తకాల సంచులతో నిలబడి ఉన్నారు. "ఆయన చూపించిందే నేను తీసిన" అన్నాను.

మిస్త్రీ నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత కొమురయ్య భుజం మీద చేయివేసి, "తప్పు నాదేరా. నీ బండి నేను బాగుచేసిస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

బాగుచేసిచ్చాడు కూడా. కానీ ట్యాంకులో నీళ్లు పోయించిన మిస్త్రీ అనే పేరు పడిపోయింది, ఊళ్లో బండ్లన్నీ జమ్మికుంట దారి పట్టాయి. నేను చాయ్‌కి వెళ్లడం మానేసి, రోడ్డుకు అవతలి పక్కనుంచి నడిచేవాణ్ని. ఆయన ఎప్పుడూ పిలవలేదు, అడగలేదు. ఆ ఎండాకాలమే నాకు బదిలీ అయింది.

రెండేళ్లకు ఆయన పోయాడని తెలిసి పెద్దకర్మకు వెళ్లాను. ఆయన భార్య లచ్చవ్వ నాకు కుర్చీ వేసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండు అనుకున్నాను.

"నీళ్లు కాలయన్న మాట వీడియోలకెల్లి నువ్వే తీసేసినవని మాకెర్కే సారూ" అంది నెమ్మదిగా. "నా కొడుకు ఫోన్ల సూసి, బడికొచ్చి నీతోని కొట్లాడతనన్నడు. ఆయననే ఆపిండు."

"ఎందుకవ్వా?"

"సారు అబద్ధమాడిండని తెలిస్తె రేపు పిల్లలు ఎవల మాట ఇంటరే, అన్నడు. నేను ముసలోన్ని, నా పేరు పోతె పోనీ, అన్నడు."

అప్పుడైనా ఆమె కాళ్లమీద పడి నాదే తప్పు అనవలసింది. అనలేదు. అన్నం తిని వచ్చేశాను. ఛీ, ఏం మనిషిని!

ఇప్పటికీ నేను బోర్డు మీద ఏది రాస్తే అది పిల్లలు నోట్సుల్లోకి ఎక్కించుకుంటారు. నిజమేనా సార్ అని ఒక్కరూ అడగరు. వాళ్ల తలలు అలా వంగినప్పుడల్లా నా చేతిలోని సుద్దముక్క ఆగిపోతుంది. ఆ నమ్మకం నేను సంపాదించుకున్నది కాదు. పోశం మిస్త్రీ తన పేరు చెడగొట్టుకుని నాకు మిగిల్చి పోయినది.