బెర్లిన్‌లో పెళ్ళికూతురి బదులు స్నానం

ఎలిఫ్ నన్ను పిలిచింది పెళ్ళికి కాదు, పెళ్ళికూతురి స్నానానికి. డ్రెస్డెన్ యూనివర్సిటీలో మా ఇద్దరిదీ ఒకటే ల్యాబ్. వాళ్ళ చిన్నాన్న కూతురు దెర్యా పెళ్ళికి వారం ముందు, ఇంటి ఆడవాళ్ళంతా బెర్లిన్‌లో ఒక హమామ్‌కు, అంటే టర్కీ స్నానశాలకు, వెళ్తున్నారట. అక్కడ పెళ్ళికూతురికి ఒళ్ళు రుద్ది, పాటలు పాడి, చేతికి గోరింటాకు పెడతారట.

"నువ్వూ రా. కూర్చుని తింటే చాలు," అంది ఎలిఫ్.

కూర్చుని తినడం నాకు బాగా వచ్చిన పని. ఒప్పుకున్నాను.

శనివారం పొద్దున ఏడున్నరకు రైలెక్కాను. ఎలిఫ్ ముందురోజే వెళ్ళిపోయింది. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది కనుక వేరే ఖర్చు లేదు. అయితే అది పెద్ద రైళ్ళలో చెల్లదు. లోకల్‌లో వెళ్ళి ఎల్‌స్టర్‌వెర్డా అనే ఊళ్ళో దిగి మారాలి. ఆ స్టేషన్లో కాఫీ తాగుతూ నిజామాబాద్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"స్నానానికి బెర్లిన్ పోతున్నవా? నీ రూముల నీళ్ళు వస్తలేవా?" అంది అమ్మ.

అది అర్థమయ్యేలా చెప్పేసరికి రెండో రైలు వచ్చేసింది. రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న కుర్రాడు ప్లాట్‌ఫారం మీద నా ఫోన్ మాటలన్నీ విన్నట్టున్నాడు.

"అక్కా, మాది గుంటూరండి. హమామ్‌కి వెళ్తున్నారా? మా రూమ్మేట్‌ని అక్కడ రుద్దితే రెండ్రోజులు చొక్కా వేసుకోలేకపోయాడండి."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడండి. కాస్త రంగు తేలాడు."

పదిన్నరకల్లా బెర్లిన్‌లో దిగి, ఊ-బాన్‌లో, అంటే మెట్రోలో, నాయ్‌కోల్న్ అనే పేటకు చేరాను. బయటినుంచి చూస్తే హమామ్ ఒక మామూలు అపార్ట్‌మెంటు. తలుపు తీయగానే ఆవిరి, సబ్బు వాసన, వేయించిన వంకాయ వాసన కలిసి వచ్చాయి. బట్టలు మార్చుకునే హాల్లో పదిహేనుమంది దాకా ఆడవాళ్ళు డబ్బాలు విప్పి కూర్చున్నారు. స్నానానికి ముందే భోజనం.

ఎలిఫ్ మేనత్త నా చేతిలో ఒక ప్లేటు పెట్టింది. అందులో పొరలు పొరలుగా బ్యోరెక్, మన కర్రీ పఫ్‌కు పెద్దక్క లాంటిది. శనివారం నీసు తిననని చెప్పాను.

"ఇది మాంసం కాదు, కీమా," అందావిడ.

కీమా కూడా వద్దన్నాను. అయితే కోడి తినమంది. కోడీ వద్దనేసరికి, అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చినదాన్ని చూసినట్టు చూసి, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన పొట్లాలు ఒక డజను వడ్డించింది. అవి అమృతంలా ఉన్నాయి. చిన్న గాజు గ్లాసుల్లో చాయ్ వచ్చింది. తాగేశాను, మళ్ళీ నింపారు. మర్యాద కోసం అదీ తాగాను. నాలుగో గ్లాసు దగ్గర ఎలిఫ్‌కు జాలేసి, చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టమంది. చాలు అని చెప్పడానికి అదే గుర్తట. ఆ సంగతి మొదటి గ్లాసప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను.

ఈ హడావుడికంతటికీ పెద్ద, ఎలిఫ్ నాయనమ్మ. టర్కీలో నాయనమ్మను బాబాన్నె అంటారు. చిన్న మనిషి, చేతికి ఒకే ఒక్క బంగారు గాజు. నా బుగ్గ నిమిరి ఏదో అడిగింది.

"నీకు పెళ్ళయిందా అంటోంది," అని ఎలిఫ్ చెప్పింది.

కాలేదన్నాను. బాబాన్నె తలూపింది.

అంతలో దెర్యా నుంచి ఫోన్ వచ్చింది. హాంబర్గ్ నుంచి కారులో వస్తూ ఆటోబాన్ హైవే మీద స్టావ్‌లో, అంటే ట్రాఫిక్ జామ్‌లో, ఇరుక్కుంది. ఎప్పుడు కదులుతుందో తెలియదు. హమామ్ మాకు మూడింటి వరకే. డప్పు వాయించే ఆవిడ అంతకంటే ముందే వెళ్ళిపోవాలి. అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. బాబాన్నె చెయ్యెత్తి రెండు ముక్కలు చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు.

"నాతో సహా అందరికీ పెళ్ళయింది. ఇక్కడ పెళ్ళికానిదానివి నువ్వొక్కదానివే," అంది ఎలిఫ్. "దెర్యా వచ్చేదాకా నువ్వు పెళ్ళికూతురివి. బాబాన్నె మాటకు ఎదురుండదు."

నాన్న లుంగీ లాంటి గళ్ళ తువ్వాలు ఒకటి నా ఒంటికి చుట్టి లోపలికి నడిపించారు. మధ్యలో వేడి పాలరాతి అరుగు, పైన గుమ్మటం, గోడల పొడవునా కుళాయిలు. నన్ను అరుగు మీద బోర్లా పడుకోబెట్టారు. హమామ్‌లో రుద్దే ఆవిడ గరుకు తొడుగు వేసుకుని నా వీపు మీద పని మొదలుపెట్టింది. గుంటూరు కుర్రాడి రూమ్మేట్ గుర్తొచ్చాడు. కాసేపటికి నా భుజం మీద నుంచి మట్టి సేమ్యాలాగా చుట్టలు చుట్టుకుని రాలింది. రోజూ స్నానం చేసే మనిషిని నేను. ఆవిడ ఆ సేమ్యాను చేతిలోకి తీసుకుని అందరికీ చూపించింది. అందరూ వంగి చూసి మెచ్చుకున్నారు. మేనత్త వెనక నుంచి వచ్చి మళ్ళీ చూసింది.

తరువాత నా తల మీద ఎర్రటి పల్చని ముసుగు కప్పి, కొవ్వొత్తులు పట్టుకుని అరుగు చుట్టూ తిప్పారు. డప్పు మోగింది. పెళ్ళికూతురు ఏడ్చేదాకా పాడాలట. పుట్టిల్లు విడిచి వెళ్ళే పాట పాడారు. నాకు ఏడుపు రాలేదు. ఇంకా దిగులైన పాట అందుకున్నారు. నా కడుపు నిండి ఉంది, ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఎంత ప్రయత్నించినా నవ్వే వస్తోంది. పాడేవాళ్ళ గొంతులు అరిగిపోతున్నాయి. చివరికి ఎవరో నా నెత్తి మీద గిన్నెడు నీళ్ళు పోస్తే జుట్టులో మిగిలిన సబ్బు నురగ కళ్ళలోకి దిగింది. బొటబొటా ఏడ్చాను. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. మేనత్త నన్ను కావలించుకుని తనూ ఏడ్చింది.

అరచేతిలో గోరింటాకు ముద్ద పెట్టారు. బాబాన్నె, దెర్యాకు వేయాల్సిన తన గాజు తీసి, తతంగంలో లోటు ఉండకూడదని, నా చేతికి ఎక్కించింది. సబ్బు చేతికి అది సర్రున ఎక్కింది.

తీయబోతే రాలేదు. వేడికి చెయ్యి పూరీలా ఉబ్బింది.

సరిగ్గా అప్పుడే దెర్యా వచ్చింది. జీన్స్ ప్యాంటు, అలసిన ముఖం. తన ముసుగు, తన గోరింటాకు, తన గాజు మరొకరి ఒంటి మీద చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎలిఫ్ జరిగిందంతా గబగబా చెప్పింది.

"ఏడ్చిందా?" అని అడిగింది దెర్యా.

"సబ్బు పడ్డాక."

దెర్యా నవ్వబోయింది కాని, గాజు రావడం లేదని తెలిసి ఆగిపోయింది. జర్మనీ వచ్చిన కొత్తలో వాళ్ళ తాతయ్య ఫ్యాక్టరీలో చేరి మొదటి జీతంతో కొన్న గాజట అది. సబ్బు, ఆలివ్ నూనె, షాంపూ అన్నీ అయ్యాయి. పక్క వీధిలో కంసాలి ఉన్నాడు, కోయిద్దాం అంది మేనత్త. బాబాన్నె ఎర్రబడిన నా మణికట్టును రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"పిల్ల చెయ్యి నొప్పి పెడుతోంది. కోయించండి," అంది.

దెర్యా తల తిప్పుకుంది. కూర్చుని తినడానికి వచ్చి వాళ్ళ తాతయ్య గాజు కోయించి పోతానా? బట్టల హాల్లోకి పరిగెత్తి అమ్మకు వీడియో కాల్ చేశాను.

అమ్మ తెర మీద నన్ను చూసి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"ఆ ఎర్ర ముసుగేంది? చేతికి మైదాకేంది? బంగారమేంది? ఎవ్వల్ని చేసుకుంటున్నవ్ చెప్పు. నాన్నకు నేను చెప్పుకుంట."

"పెండ్లి వేరేటోళ్ళదమ్మా. స్నానమే నాది."

"పెండ్లి వాళ్ళదైతే స్నానం నువ్వెందుకు చేస్తున్నవ్?"

గాజు చూపించాను. అమ్మ గొంతు వెంటనే మారింది. "ముందుగాల పైన ఏమన్న కప్పుకో. చెయ్యి చల్లనీళ్ళల్ల పెట్టు. పల్చటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడిగి, దాని అంచు గాజు కింది నుంచి మోచేతి దిక్కు తియ్యి. కవర్ మీదికెళ్ళి మెల్లగ జార్చు. గుంజకు."

మేనత్త బత్తాయిలు తెచ్చిన కవరు ఖాళీ చేసి ఇచ్చింది. దెర్యా తనే ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఫోన్‌లో అమ్మ తెలుగులో, పక్కన బాబాన్నె టర్కీ భాషలో, ఒకేసారి నన్ను బొటనవేలు లోపలికి మడవమన్నారు. బాబాన్నె వేలు మడిచి చూపించింది కాబట్టి తెలిసింది. కవరు మీద గాజు జారి, ఎముక దగ్గర ఒక్క క్షణం ఆగి, దెర్యా ఒళ్ళో పడింది.

హాలంతా చప్పట్లు. బాబాన్నె ఫోన్‌ను ముద్దుపెట్టుకుంది. అమ్మ సిగ్గుపడి కెమెరా ఆపేసింది.

మిగిలిన అరగంటలో దెర్యాకు అన్నీ మళ్ళీ చేశారు. ఏడుపు మాత్రం దారిలో కారులోనే అయిపోయిందని చెప్పి, నవ్వుతూనే గాజు వేయించుకుంది. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది.

సాయంత్రం ఐదింటికి తిరుగు రైలెక్కాను. ఒళ్ళో మేనత్త కట్టిచ్చిన మూడు డబ్బాలు. ఒంటి మీద చర్మం ఎంత నున్నగా ఉందంటే, రైలు మలుపు తిరిగినప్పుడల్లా నేను సీట్లో అటూ ఇటూ జారుతున్నాను. ముక్కూ మొహం తెలియనిదానికి అంత అన్నం పెట్టి, అంత మట్టి తీసి, ఇంటి బంగారమైనా కోయించడానికి సిద్ధపడిన మనుషులను తలుచుకుంటే, సబ్బు అక్కర్లేకుండానే కాస్త కన్ను చెమర్చింది.

ఎల్‌స్టర్‌వెర్డాలో ఉండగా ఆర్మూరు పెద్దమ్మ నుంచి ఫోన్ వచ్చింది. గాజు తీసే ఉపాయం ఇంకేమైనా ఉందేమో అడుగుదామని అమ్మ వీడియో కాల్‌లో తీసిన నా ఫొటోను తనకు పంపిందట.

"ఫొటో మంచిగున్నదే. పిలగాడు ఏం జేస్తడు?" అంది పెద్దమ్మ.

"పిలగాడు ఇంకా దొరకలేదు పెద్దమ్మా," అన్నాను. "స్నానమైతే అయిపోయింది."