లసుమవ్వ గోడ మీది మరక

2022 వానాకాలం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఉంటూ నేను ఇళ్లు శుభ్రం చేసే పని మొదలుపెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. రుద్రూర్ దగ్గరి నుంచి గంగారాం అనే చెరుకు రైతు ఫోన్ చేశాడు. ట్రాక్టర్ కోసం వెనక గదిలో పెట్టుకున్న డ్రమ్ము నల్లా కారి, డీజిల్ ఇంట్లోకి పారిందట. బాలింత భార్యను, పసిబిడ్డను పక్కింటికి పంపించాడు. తల్లి లసుమవ్వ మాత్రం ఇల్లు కదలనంటోంది.

గడపలోనే నా కళ్లు మండాయి. డీజిల్ వెనక గదిలో ఆగలేదు. ముందు గది గోడ మొదట్లోకీ చేరింది.

"నీళ్లు కొడితే పోతదనుకున్నం అక్కా," అన్నాడు గంగారాం.

"నీళ్లతోని పోదు తమ్మీ. నీళ్ల మీదికెక్కి ఇల్లంత తిరుగుతది."

"నా మాట ఇంటడా వీడు?" అంది లసుమవ్వ. "చిన్నప్పుడు పాలు ఒలకబోసినా గిట్లనే బిందె గుమ్మరిచ్చెటోడు."

కరెంటు, పొయ్యి బందు పెట్టించాను. నేల మీద పరవడానికి నా దగ్గరున్న రంపపు పొట్టు చాలలేదు. గంగారాం ఎండిన చెరుకు పిప్పి బస్తాలు తెచ్చాడు. అది డీజిల్‌ను దాహంగా తాగింది. మూడుసార్లు పరిచి ఎత్తాక, డీగ్రీజర్‌తో, అంటే జిడ్డును విడగొట్టే మందుతో, నేల కడిగాను.

ఇక గోడ. కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో నల్లగా ఒక మరక ఉంది. లసుమవ్వ దానికి అడ్డంగా నిలబడింది.

"గీడ మాత్రం ముట్టకు బిడ్డా. గిది మా ముసలాయన తల."

ఆయన పోయి అప్పటికి ఏడాది నిండలేదు. రోజూ పొలం నుంచి వచ్చి, తలకు నూనె రాసుకొని, అక్కడే ఆనుకొని కూర్చునేవాడట. ఉగాదికి సున్నం వేసినప్పుడు కూడా ఆమె ఆ ఒక్కచోటు వదిలేయించింది.

"ఫొటో లేదా అవ్వా?"

"ఉన్నది. ఫొటోల బిగుసుకపోయి ఉంటడు. గీడనైతే కూసున్నట్టే ఉంటది."

"ముట్టనవ్వా," అని మాటిచ్చాను.

కానీ డీజిల్ గోడలో పైకి పాకుతుంది. సాయంత్రానికి ఆ తడి ముసలాయన మరక అంచును తాకింది. అలాగే వదిలేస్తే వాసన పోదు, పసిబిడ్డ ఇంటికి రావడం కుదరదు. అందుకని పౌల్టిస్ కలిపాను. సుద్దపొడిని మందుతో కలిపిన ముద్ద అది. గోడకు పట్టిస్తే ఆరుతూ లోపలి జిడ్డును పీల్చుకుంటుంది. ప్రార్థన చేసుకొని, మరకకు వేలెడు కిందనే ఆపి రాశాను. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

డీజిల్ పాత నూనెను కరిగిస్తుంది. నా దగ్గర పనికి వచ్చే ప్రతి ఒక్కరికీ మొదటిరోజే చెప్పే సంగతి అది. ఆ రోజు నేనే మరిచాను.

రెండు రోజుల తర్వాత ముద్ద గీకడానికి వెళ్లాను. పైన గోడ వెలిసిపోయి ఉంది. కింద నా ముద్ద పై అంచు గోధుమరంగుకు తిరిగింది. ఆయన తల ఆనిన గుర్తు కరిగి అందులోకి దిగిపోయింది.

"అవ్వా, తప్పు నాదే," అన్నాను.

ఆమె వచ్చి గోడ మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"ఆయనకు డీజిల్ వాసన పడకపోయేది బిడ్డా," అంది చివరికి. "లేసి పోయిండు."

గంగారాం బయటికి వెళ్లిపోయాడు. నేను మా చర్చి సంఘం తరఫున చావు జరిగిన ఇళ్లకు వెళ్లి బైబిల్ వాక్యం చదివి ఓదార్చేదాన్ని. ఆ రోజూ కంఠతా వచ్చిన వచనాలన్నీ నోటిదాకా వచ్చాయి. ఏది చెప్పినా ఆమె దుఃఖాన్ని తొందరగా తుడిచేసి వెళ్లడానికే చెప్పినట్టుంటుందనిపించింది. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మర్నాడు పసిబిడ్డ ఇంటికి వచ్చింది. వాసన లేదని గంగారాం ఫోన్‌లో చెప్పాడు. అవ్వ ఎలా ఉందని అడిగితే, "గా గోడకే ఆనుకొని కూసున్నది అక్కా," అన్నాడు.

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా బకెట్ దించకముందే చాక్‌పీస్ తీస్తాను. తుడవకూడనిది ఏముందో అడిగి, చుట్టూ మూరెడు వదిలి గీత గీస్తాను. కన్నీళ్లు తుడిచే దేవుడు ఉన్నాడని నేను పూర్ణంగా నమ్ముతాను. ఆ తుడవడం ఆయన పని. ఆయన వచ్చేదాకా పక్కన కూర్చోవడమే నాది.